రాతికుప్ప పక్కన పూత

వరికుంటపాడు,
సోమవారం.

ప్రియమైన తమ్ముడు ఎడ్విన్‌కు,

ప్రభువు నిన్నూ షైనీనీ పిల్లలనూ చల్లగా చూడాలని రోజూ అడుగుతూనే ఉన్నాను. ఫోనులో నేను రెండు మాటలనేలోపు నువ్వు పది అంటావు. అందుకే ఉత్తరం. మధ్యలో అడ్డుపడటానికి వీలుండదు, చదవాల్సిందే.

నిన్న ఆ కొనేటాయన్ని వెంటబెట్టుకుని మన రాళ్లచేనికి వచ్చావు. చేనంతా తిరిగి, నాతో ఒక్క మాటైనా అనకుండా ఆత్మకూరు వెళ్లిపోయావు. మంచినీళ్లు కూడా తాగలేదు. నాకెంత కష్టమనిపించిందో నీకేం తెలుసు!

మన పందెం నేను మర్చిపోలేదు. "ఆ గులకనేలలో ఏముండాదక్కా? అమ్మేస్తే నా వాటాతో ఇక్కడ సొంతంగా మెకానిక్ షెడ్డు ఏసుకుంటా" అన్నావు. జీడిమామిడి పెట్టాను, కొంచెం ఓపిక పట్టరా అన్నాను. "సరే, ఈ చలికాలం వచ్చి చూస్తా. పూత చూపిస్తే నోరెత్తను. లేదంటే సంతకం పెట్టు" అన్నావు. నేనూ పౌరుషానికి పోయి ఒప్పుకున్నాను.

పూత వచ్చిందిరా. అంటు మొక్కలు కదా, నడుమెత్తు కూడా లేకుండానే విరగబూశాయి. కానీ నర్సరీ ఆయన ముందే చెప్పాడు. "మొదటి రెండేండ్లు పూత గిల్లేయాలమ్మా. ఆశపడి కాపు ఉంచుకుంటే మొక్క ఎదగదు. అసలే ఆ నేలలో బలం యాడుండాది?" అన్నాడు. పోయినేడు నీకు ఫోనులో చెబితే నవ్వావు. "పూసినదాన్ని గిల్లేదేందక్కా, నీకేమన్నా పిచ్చా?" అని.

వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ నువ్వు జరుపుకుంటూ పోయావు. ఇక్కడేమో పూత పిందె కడుతోంది, మొక్కలు నీరసించిపోతున్నాయి. చూడలేకపోయాను. పందెం పోతే పోనీ అనుకుని, ఏడుస్తూనే గిల్లేశాను. నాయన ఏరి పోసిన రాతికుప్ప పక్క మొక్కకు మాత్రం ఒక్క గుత్తి ఉంచాను, నీకు చూపించడానికి.

నువ్వు అక్కడికీ వెళ్లావు. వంగి చూడటం దూరం నుంచి గమనించాను. మీరు వెళ్లాక పోయి చూస్తే ఆ గుత్తి లేదు. కోపముంటే నన్ను తిట్టు, ఆ మొక్కేం చేసిందిరా? నాకున్న ఒక్క సాక్ష్యమూ తుంచేసి పందెం గెలిచావు. కాగితాలు తెచ్చుకో, సంతకం పెడతాను. మొక్కల్ని మాత్రం పీకొద్దని ఆయనకు చెప్పు.

నీ అక్క,
సుకుమారి


ఆత్మకూరు,
శుక్రవారం.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం ముందు షైనీ చదివి నన్ను తిట్టింది. తర్వాత నేను చదివాను.

కోపమా? ఏందక్కా నువ్వు! ప్రతి మొక్క కిందా వాడిన గుత్తులు కనిపించాయి. పందెం పోతుందని తెలిసే గిల్లావని అప్పుడే అర్థమైంది. పరాయి మనిషి ముందు ఏడుస్తానేమోనని బండెక్కేశాను. ఉదయగిరిలో టీ తాగేటప్పుడు ఆయనకు చెప్పేశాను, "మా అక్క అమ్మదు, నేనూ అమ్మను" అని. షెడ్డుదేముంది, ఇంకొన్నాళ్లు అద్దెదాంట్లోనే చేసుకుంటాను.

రాతికుప్ప దగ్గరి గుత్తి తుంచింది నేనే. పోయినేడు నువ్వు చెప్పినప్పుడు నవ్వాను గానీ, విన్నాను. నా కోసం ఉంచావని నాకేం తెలుసు? చూసుకోక వదిలేశావనుకున్నాను. మొక్క పాడవుతుందని గిల్లేశాను.

నీ తమ్ముడు,
ఎడ్విన్