బతికున్న భర్తను వితంతువు దగ్గరికి పంపమని

శిబిరాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏడో నంబరు శిబిరంలోని నన్ను నాలుగో నంబరు శిబిరంలోని నా భార్య వద్దకు మార్చుట గురించి.

1. నేను వృత్తిరీత్యా దర్జీని. మూడేళ్ల క్రితం మా ఊరు తగలబడినప్పుడు తమ లారీలో ప్రాణాలతో వచ్చి పడ్డాను. దిగగానే తమ గుమాస్తాగారు ఎంతో క్రమశిక్షణతో మగవాళ్లను ఒక వరసలో, ఆడవాళ్లను ఒక వరసలో నిలబెట్టి, వరసకొక శిబిరం కేటాయించారు. నా భార్య ఆడవాళ్ల వరసలో నిలబడి పొరపాటు చేసింది.

2. ఇద్దరినీ ఒకచోట ఉంచమంటే పెళ్లి పత్రం తెమ్మన్నారు. అది మా ఊరి ఆఫీసుతో సహా కాలిపోయిందని మనవి చేశాను. అలా కాలినట్టు ఆ ఆఫీసు నుంచే రాయించుకు రమ్మన్నారు. బూడిద సంతకం పెట్టదని విన్నవించుకున్నాను. నాకు పొగరని ఫైల్లో రాసుకున్నారు.

3. పోయిన వారం గుమాస్తాగారు నన్ను నిలదీశారు: "మొగుడూ పెళ్ళాలైతే మూడేళ్లుగా విడివిడిగా ఎందుకుంటున్నారయ్యా?"

4. తర్వాత దయతలచి రిజిస్టరు తిరగేశారు. పక్కన మగమనిషి లేడని ఆమెను తొలిరోజే వితంతువుగా రాశారట. చచ్చినవాడికి మూడేళ్లు రెండు పూటలా తిండి పెట్టిన తమ ఔదార్యానికి చేతులెత్తి మొక్కుతున్నాను. వితంతువు కనుక ఆమెకు రేకుల గది ఇచ్చారు. నేను బతికున్నట్టు తేలితే ఆ గది తీసుకుని ఇద్దరినీ గుడారంలో వేస్తారట. బతికుండడం ఇంత నేరమని నాకు తెలియదు.

5. రుజువు కావాలంటే, ఆమె ఎడమ భుజం కుడిదాని కన్నా అరంగుళం దిగువ. చూస్తే తెలియదు, టేపు పెడితే తెలుస్తుంది. పదకొండేళ్లు ఆమె జాకెట్లు కుట్టిన చేతికి తప్ప ఇంకెవరికీ తెలియని కొలత అది. తమ నర్సమ్మగారి చేత కొలిపించండి.

పై సంగతులు చిత్తగించి, వీలైతే నన్ను బతికించవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు,
కీర్తిశేషుడైన దర్జీ

తా.క. గది పోతుందన్న సంగతి కొత్తగా వచ్చిన నీళ్ల ట్యాంకరు డ్రైవరుతో ఆమెకు కబురు పెట్టాను. ఇప్పుడే జవాబు తెచ్చాడు: "గది పోతే పోయిందిలే, తడిస్తే ఇద్దరం తడుద్దాం. నువ్వు తింటున్నావా?" అయ్యా, మూడేళ్లలో నా చెవిన పడిన ఆమె మాట ఇదొక్కటే. మర్యాదలన్నీ పైన రాసేశాను, ఇక మిగల్లేదు. మీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను పంపించండి.