వెనక నుంచి జడ పట్టుకుంటే

జులై 1996, మంగళవారం

మనవరాలు స్వప్న యూనివర్సిటీ గ్రౌండులో కరాటే నేర్చుకుంటోంది. దాని స్నేహితురాలు జూడో నేర్చుకుంటోంది. తార్నాక దాకా చీకట్లో నడిచి వచ్చే ఆడపిల్లకు ఏది పనికొస్తుందని సాయంత్రం అడిగాను.

"కరాటేల దూరంకెళ్లే కొడ్తం నానమ్మా. జూడోల మీదికొచ్చినోని కాలర్ పట్టి పడేస్తరు."

"మరి ఎన్కకెళ్లి జడ పట్టుకుంటే?" అని ఆటకే దాని జడ పట్టుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. పిల్ల మెడ బిగుసుకుపోయింది.

"ఇడువు నానమ్మా. నిన్న హాస్టళ్ల రోడ్డుల ఎవడో గట్లనే పట్టుకున్నడు. నాకు చెయ్యి గూడ లేవలె. బస్సు లైట్లు పడంగనే ఉరికిండు. నాయినకు చెప్పకు, కాలేజి బంద్ చేయిస్తడు."

చెప్పనని ఒట్టు వేశాను. నా కొడుకు నిజంగానే మాన్పిస్తాడు. చెప్పకపోతే రేపు సాయంత్రం కూడా దానికి అదే రోడ్డు. ఎటు తిరిగినా ఆ పిల్ల జడ ఎవరో ఒకరి చేతిలోనే ఉన్నట్టుంది.

అన్నం దగ్గర నా కొడుకు, "ఏందమ్మా, తింటలేవు?" అన్నాడు.

పన్ను నొప్పి అన్నాను.

స్వప్న నా పళ్ళెంలో మజ్జిగ పోసి, "మెత్తగ కలుపుకో నానమ్మా" అంది, నా మొహం చూడకుండా.