కారు తలుపు తీయకు

చిన్నీ,

మీ నాన్న షెడ్డులో ఉన్న పాత కారులో కూర్చున్నారు. కంగారుపడకు, తలుపు మాత్రం తీయకు.

పొద్దున ముందద్దం బిగించాం. రబ్బరు గాడిలో తాడు దూర్చి ఆయన లోపలినుంచి లాగారు, నేను బయటినుంచి సబ్బునీళ్ల చేతులతో నొక్కాను. అద్దం బుద్ధిగా కూర్చుంది. నేను చుట్టూ గమ్ము పట్టించేశాక గుర్తొచ్చింది ఆయనకి, తాను లోపలున్నానని. గమ్ము ఆరకముందే తలుపు తీసినా, వేసినా ఆ గాలి విసురుకి అద్దం ఊడొస్తుందట. "మెల్లగా తీద్దామండీ" అన్నాను. "నీకేం తెలుసు" అన్నారు. సరే, రేపు పొద్దుటిదాకా అక్కడే ఉండండి అని వచ్చేశాను. నేనిప్పుడు షాపుకి వెళ్తున్నాను.

అన్నం ముద్దలు చేసి పక్క కిటికీలోంచి అందించు. అది నాలుగు వేళ్ల సందుకి మించి దిగదు. ఆరేళ్లుగా ఇంజను మంచం కిందే ఉన్నా, హారనుకి మాత్రం లోటు లేదు. ఒకసారి మోగితే మంచినీళ్లు, రెండుసార్లు మోగితే పేపరు. మూడుసార్లు మోగితే, నేను షాపునుంచి వచ్చానా అని అడుగుతున్నట్టు. ఈ ఏర్పాటంతా ఆయనదే. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మనిషి నాకోసం ఎదురుచూడటం ఇదే మొదలు.

అమ్మ

అన్నట్టు, వెనకద్దం ఇంకా బిగించనే లేదు. అక్కడ పట్టా కప్పి ఉందంతే, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగి వచ్చేయొచ్చు. ఆయనకి ఆ సంగతి తట్టలేదు. నువ్వు గుర్తుచేశావో, చూడు మరి!