ఇరవై నిమిషాల్లో మీ దగ్గర ఉంటాం

జూన్ 9, ఆదివారం
మధ్యాహ్నం రెండున్నర

ప్రియమైన పొట్టికి,

నీ పొడుగు రాస్తున్న ఉత్తరం. నేను కులాసా, నువ్వూ కులాసా అని తలుస్తాను. అలా మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. అందులో మొదటి సగం నిజం కాదు. రెండో సగం నిజమో కాదో నాలుగేళ్ళుగా నాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

నీ చిరునామా మీ అన్నయ్యని బతిమాలి తీసుకున్నాను. నువ్వు మొక్కల నర్సరీలో పనిచేస్తున్నావనీ, కంప్యూటర్ ముట్టుకోవడమే మానేశావనీ చెప్పాడు. మెయిలు పెట్టినా చూడవన్నాడు. అందుకే ఈ కాగితం. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే తిట్టుకోకు. సంతకం తప్ప పెన్నుతో ఏమీ రాసి ఎరగను ఈ మధ్య.

దుకాణాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టే మన ఆఫీసు ఇంకా ఆ మేడమీద గదిలోనే ఉంది. కింద టైలర్ బాబాయి, పైన నేను. ఆయన కుట్టుమిషను అదురు ఇప్పటికీ నేలలోంచి అరికాళ్ళకి తెలుస్తుంది. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. ఖాళీగా కనబడకుండా దానిమీద ఫైళ్ళు పెట్టాను.

బాబాయి వెబ్‌సైటు చేసిన రోజులు గుర్తున్నాయా? 'సకల విధ వస్త్రాలంకరణ నిపుణులు' అని ఎవరిచేతో రాయించుకుని పట్టుకొచ్చాడు. అలా ఎవరూ వెతకరు బాబాయ్, జిప్పు పోయినవాడు 'జిప్పు మార్చే చోటు' అనే కొడతాడు అని నువ్వు గంటసేపు నచ్చజెప్పావు. కీవర్డ్ అంటే మన నోటి మాట కాదు, గిరాకీ నోటి మాట అన్నావు. మెటా ట్యాగు అంటే ఏమిటో ఎంతకీ బుర్రకెక్కకపోతే, ఆయన కుట్టిన చొక్కానే తిరగేసి మెడ దగ్గర లోపలి పట్టీ చూపించావు. వేసుకున్నవాడికి ఇది కనబడదు, కానీ బీరువాలో వెతికేవాడు దీన్ని చూసే చొక్కా బయటికి తీస్తాడు అన్నావు. ఆ మాట ఆయన ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ తనదే అన్నట్టు చెప్పుకుంటున్నాడు.

గిరాకీలు సైట్లో నింపి పంపే ఫారాలు పరీక్షించేటప్పుడు నువ్వు చేసే అల్లరీ గుర్తొస్తోంది. లోకంలో అందరూ 'టెస్ట్' అని ఒక్క మాట పంపి ఊరుకుంటారు. నువ్వేమో పళ్ళ డాక్టరు ఫారంలో 'పళ్ళన్నీ జేబులో వేసుకుని వస్తున్నాను, కాస్త జిగురు సిద్ధంగా ఉంచండి' అని రాసేదానివి. చెప్పాపెట్టకుండా, సెలవు రోజుల్లో కూడా. నకలు నా ఫోనుకి వచ్చేది. 'జిగురు అయిపోయింది, మేకులున్నాయి' అని నేను డాక్టరులా జవాబిచ్చేదాన్ని. బస్సులో ఒక్కదాన్నే పడీపడీ నవ్వుతుంటే పక్క సీటువాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

తర్వాత లిఫ్టాయన వచ్చాడు. లిఫ్టులు బాగుచేస్తూ ఒక్కడే బతుకు లాక్కొస్తున్న మనిషి. వెతికితే నాలుగో పేజీలో ఉన్నాడు. టైటిలు మార్చాం, కీవర్డులు మార్చాం. రెండో పేజీకి వచ్చి అక్కడ మొండికేశాడు. అప్పుడు నువ్వు, వెతికినప్పుడు పేరు కింద కనబడే వివరణలో ఆ వాక్యం చేర్చావు. 'లిఫ్టులో ఇరుక్కున్నారా? ఏ రోజైనా, ఏ వేళైనా ఇరవై నిమిషాల్లో మీ దగ్గర ఉంటాం.' ఆదివారాలు నేను పనిచేయనమ్మా అని ఆయన నసిగాడు. పైకి వచ్చాక తీసేద్దాంలెండి అన్నావు. ఫారం నింపినవాళ్ళకి దానంతట అదే వెళ్ళే జవాబులోనూ ఆ ఇరవై నిమిషాల మాటే పెట్టావు. చూసినవాళ్ళంతా దానిమీదే నొక్కారు. రెండు నెలల్లో మొదటి స్థానం. ఆ రోజు మిఠాయి పంచుకున్నాం. తీసేయడం మాత్రం ఇద్దరమూ మర్చిపోయాం.

ఆ ఆదివారం సంగతి నీకు చెప్పక్కర్లేదు, కానీ రాయకుండా ముందుకు వెళ్ళలేకపోతున్నాను. రిటైరైన లెక్కల టీచరమ్మ. అచ్చాఫీసులో పాఠ్యపుస్తకాల ప్రూఫులు చూసేది. మిగిలిన పని ముగిద్దామని సెలవురోజు ఒక్కతే వెళ్ళింది. రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఆగిపోయింది. లోపలున్న అలారం గంట పనిచేయలేదు. భవనంలో పురుగు కూడా లేదు. ఫోను కలవడం లేదు గానీ నెట్ కొద్దికొద్దిగా అందుతోంది. మూడూ పదికి వెతికింది, మొదట కనబడిన పేజీ తెరిచింది, ఫారం నింపింది. విడిగా ఉంటున్న కూతురికి ఒక్క సందేశం పెట్టింది: 'లిఫ్టు ఆగింది. బాగుచేసేవాళ్ళు బయలుదేరారట. కంగారు పడకు.' కూతురు కంగారు పడలేదు. రాత్రి ఫోను కలవకపోతే పడుకుందనుకుంది. టీచరమ్మ గుండె మాత్రలు ఇంట్లో ఉండిపోయాయి. సోమవారం పొద్దున వాచ్‌మన్ చూశాడు.

విచారణలో ఆ వాక్యం రాసింది నేనే అని నువ్వు లేచి చెప్పావు. బయట మెట్లమీద నేను నీతో అన్న మాట నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీ అబద్ధం ఒక మనిషిని చంపింది. ఇక నా ఎదుటికి రాకు." నువ్వు నా మొహంలోకి చాలాసేపు చూశావు. మర్నాడు తాళంచెవి బాబాయి చేతికిచ్చి వెళ్ళిపోయావు.

ఇక ఇప్పటి సంగతి. నాలుగు వారాల కిందట బాబాయి మెట్లెక్కి వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. "ప్యాంటు పొట్టి చేయడానికే ఇరవై రోజులు తిప్పుతానని నాకు పేరు. ఇరవై నిమిషాలని రాశావేంటమ్మాయ్?" అన్నాడు. చూశాను. ఆయన దుకాణం పేరు ఉంది. దాని కింద నేను రాసిన వివరణ లేదు. 'ఇరవై నిమిషాల్లో మీ దగ్గర ఉంటాం' అని ఉంది.

పేజీ లోపలంతా గాలించాను. ఆ వాక్యం ఎక్కడా లేదు. సెర్చ్ ఇంజిను ఒక్కోసారి మనం రాసిన వివరణ వదిలేసి తనకి తోచింది చూపిస్తుంది, నాకూ తెలుసు. కానీ అది కూడా పేజీలోంచే ఏరుకుంటుంది కదా, లేనిది ఎక్కడినుంచి తెస్తుంది? వివరణ తిరగరాసి పెట్టాను. ఆరు రోజులు బాగానే ఉంది. ఆదివారం మళ్ళీ కనబడింది, ఈసారి మనమే సైటు చేసిన చెప్పుల దుకాణం పేరు కింద. ఆ పైవారం కళ్ళద్దాలాయన పేరు కింద.

అప్పుడు రిపోర్టు తెరిచాను. జనం ఏ మాటలు కొట్టి మన పేజీల దాకా వచ్చారో చూపించే పట్టిక ఉంటుందే, అది. బాబాయి పట్టికలో 'జిప్పు మార్చే చోటు'కీ 'ప్యాంటు నడుము వదులు'కీ మధ్య ఒక వరస ఉంది: 'ఇరవై నిమిషాలు అయిందా'. ఒక్కసారి వెతికారు. స్థానం ఒకటి. తేదీ ఆదివారం.

చెప్పుల దుకాణం పట్టికలో 'ఇంకా ఎంతసేపు'. కళ్ళద్దాలాయన పట్టికలో 'చీకటి పడుతోంది ఎవరైనా వస్తున్నారా'. ప్రతిసారీ ఆదివారమే, ప్రతిసారీ ఒక్కసారే, ప్రతిసారీ మనమే మొదటి స్థానం. ఆ మొదటి స్థానం కోసం ఎన్ని తిప్పలు పడ్డామే మనం! ఇప్పుడు ఆ అంకె కనబడగానే పట్టిక మూసేస్తున్నాను.

దయ్యాలంటే నవ్వేదాన్నని నీకు తెలుసు. ఎవరో ఆకతాయి పని అనుకుని పాస్‌వర్డులన్నీ మార్చాను. ఎప్పుడో తీసేసిన లిఫ్టాయన సైటు కూడా వెళ్ళి చూశాను. ఖాళీ తెర. తర్వాత నువ్వే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, నువ్వే అయితే బాగుండనుకున్నాను. నామీద కసితో చేస్తున్నావని తేలితే హాయిగా నిద్రపోయేదాన్ని. మీ అన్నయ్య ఆ ఆశమీద నీళ్ళు చల్లాడు. నీ దగ్గర ఉన్నది బొత్తాల ఫోనట, నెట్ కూడా లేదట.

పోయిన ఆదివారం వచ్చిన మాట ఇక్కడ రాయడానికి పెన్ను కదలడం లేదు. అది ఏ దుకాణం పేజీకీ రాలేదు. మన ఆఫీసు సొంత పేజీకే వచ్చింది.

నువ్వు వచ్చి నీ కుర్చీలో కూర్చో అని అడగను. ఆ హక్కు మెట్లమీదే పోగొట్టుకున్నాను. ఆ వాక్యం నీదే, కాదనను. కానీ నింద మొత్తం నువ్వే మోశావు, నేను మోయనిచ్చాను. బాబాయి నిన్ను అడుగుతుంటాడు. మన పొట్టి ఉంటే ఈ పాటికి కారణం పట్టేసేది అంటాడు. నాకూ అలాగే అనిపిస్తుంది, అందుకే భయం వేస్తుంది.

ఇట్లు,
ఒకప్పటి నీ పొడుగు

తా.క.: మడిచిన కాగితం మళ్ళీ విప్పాను. గడియారంలో మూడూ పది అయింది.

పోయిన ఆదివారం వచ్చిన మాట ఇది: 'బయలుదేరాం అన్నది ఎవరు'.

నువ్వు పెట్టిన జవాబులో 'బయలుదేరాం' అన్న మాటే లేదు. 'మీ వివరాలు అందాయి. ఇరవై నిమిషాల్లో మీ దగ్గర ఉంటాం.' అంతే. మాట మాటా కొలిచి రాసేదానివి. కూతురి ఫోనులోని సందేశం విచారణలో చదివినప్పుడే నీకు తెలిసిపోయి ఉంటుంది. మెట్లమీద నా మొహంలో వెతికింది దాన్నే కదూ?

ఆ రోజు ఫారం నకలు నా ఫోనుకి వచ్చింది. 'అచ్చాఫీసు లిఫ్టులో ఒంటరిగా ఇరుక్కున్నాను. ఆయాసంగా ఉంది. దయచేసి రండి.' నీ అల్లరే అనుకున్నాను. నవ్వుకుని, లిఫ్టాయనలా జవాబిచ్చాను: 'బయలుదేరాం. కదలకుండా కూర్చోండి.' ఆమె కదలకుండా కూర్చుంది. వేరే ఎవరినీ పిలవలేదు. సోమవారం నేను ఆ జవాబు తుడిచేశాను. 'బయలుదేరారట' అని టీచరమ్మ రాసింది దానంతట అదే వెళ్ళిన జవాబు చూసేనని అందరూ అనుకున్నారు.

ఇందాక మన పేజీ వివరణ తీసేసి, 'బయలుదేరాం అన్నది నేను' అని రాసి, నా పూర్తి పేరు పెట్టాను. ఇది ముగించగానే ఈ ఉత్తరానికి నకలు తీస్తాను. అది టీచరమ్మ కూతురికి. ఆమె ఇల్లెక్కడో నాలుగేళ్ళుగా తెలుసు, ఇక్కడికి ఇరవై నిమిషాల నడక. చెప్పులు వేసుకున్నాను. ఈసారి నిజంగానే బయలుదేరుతున్నాను.