మైక్ టెస్ట్‌లో నీ గొంతు

నాన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. అంతర్వేది నుంచి ఆఖరిసారి సముద్రం మీద చేపల వేటకి వెళ్తూ, తడిసిపోతుందని నువ్వు ఇంట్లో వదిలేసిన ఫోన్‌ని పొద్దున్నే ఛార్జింగ్‌కి పెట్టాను.

గుర్తుందా? ఫోన్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ పనికి చేరాక మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, నీ ఫోన్‌లో కోడ్ నొక్కి, మేం అక్కడ వాడే మైక్ టెస్ట్ తెరిచి నిన్ను మాట్లాడమన్నాను. "ఆయ్, బాగున్నారాండీ?" అన్నావు. ఫోన్ అదే మాట తిరిగి పలికేసరికి, "ఆయ్, బాగున్నామండీ!" అని జవాబు కూడా చెప్పావు. "మీకు మీరే మర్యాదలేంటండీ!" అని అమ్మ ఒకటే నవ్వు.

చివరగా రికార్డయిన మాట, మళ్లీ టెస్ట్ చేసి దాని మీద కొత్త మాట పడేదాకా ఫోన్‌లోనే ఉంటుందని మొన్న మా టెస్టింగ్ లైన్ ఇంజనీరు చెప్పాడు. వెంటనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఫొటోలున్నాయి గానీ, నీ గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

ఇందాక టెస్ట్ తెరిచాను. పాత రికార్డు వెతకాల్సింది. కానీ రోజూ లైన్‌లో చేసే పనే చెయ్యి చేసేసింది. మైక్ బొమ్మ నొక్కి "హలో, వన్ టూ త్రీ" అనేశాను. నా మాటే తిరిగి వినిపించింది. తెరమీద పచ్చగా 'పాస్' అని వచ్చింది.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది.

"ఇది నీ గొంతు కదే. నాన్నది పెట్టు."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది నాన్నా.