కారని పైకప్పు

హాంకాక్, మిషిగన్
నవంబరు మొదటి ఆదివారం, 1996

నా చెల్లెలు తైమీకి అక్క హిల్మా దీవెనలు. ఇప్పుడు వాటిలో సగం నీ మొగుడికి పోతాయి కాబట్టి కాస్త ఎక్కువే పంపుతున్నాను. ఇక్కడ నేనూ, మన కుక్క ముస్తీ, నువ్వు వదిలివెళ్ళిన పూలకుండీ క్షేమం. మీరూ క్షేమమనే తలుస్తాను. నీ ఉత్తరం చూస్తే క్షేమం కంటే ఎక్కువే ఉన్నట్టుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు చలికి మూలుగుతోంది గాని మెట్లు ఎక్కనిస్తోంది. ఆపిల్ పళ్ళు ఈసారి చిన్నవి, పులుపు. చర్చి పాటల్లో నీ చోట రౌటియో గారి కోడలు నిలబడుతోంది. ఆ పిల్ల గొంతెత్తితే రంపం పెట్టి కోసినట్టుంటుంది. పాస్టరుగారు మాత్రం నువ్వు వెళ్ళిన లోటు తీరిందన్నారు. ఎవరికి తీరిందో మరి.

నీ ఉత్తరంలో మాటిమాటికీ ‘మేము’ అని రాశావు. మేము ఇక్కడ డులూత్‌లో ఓడరేవు వంతెన చూశాం, మేము తలుపులకు పచ్చరంగు వేశాం, మేము పొద్దున్నే కాఫీ తాగుతూ ఓడలు చూస్తాం. మొదట చదివినప్పుడు ఆ ‘మేము’లో నేనున్నానేమో అని వెతుక్కున్నాను. నీ నోట ఆ మాటకు ఇన్నేళ్ళూ నువ్వూ నేనూ అనే అర్థం కదా. ఆర్విడ్ పొద్దున్నే లేచి కాఫీ పెట్టి మంచం దగ్గరికి తెచ్చిస్తాడని రాశావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి లేచిపోయాను. మళ్ళీ భోజనమయ్యాకే మిగతాది చదివాను.

మన చక్రాల గది, ఆ ట్రెయిలర్ కప్పు, ఆర్విడ్ బాగుచేసి వచ్చాక, మళ్ళీ కారిందా అని అడిగావు. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు ఇంకొకటి చెప్పాలి. అక్టోబరు చివర నేను కారు వెనక ట్రెయిలర్ కట్టుకుని సరస్సు ఒడ్డున మన చోటికి వెళ్ళాను. కారే బండిలో ఎలా వెళ్ళావని అడుగుతావు. కాస్త ఆగు.

ముస్తీ, నేనూ వెళ్ళాం. బండిని వెనక్కి పెట్టేటప్పుడు వెనక నిలబడి చేతులూపే నువ్వు లేవు. దిగి చూడటం, మళ్ళీ ఎక్కి కాస్త వెనక్కి పోనివ్వడం, మళ్ళీ దిగడం. చివరికి వంకరగానే పెట్టాను. చూసి నవ్వేవాళ్ళు కూడా లేరు. కుళాయిలు కట్టేశారు. పడవలు పోయాయి. దోమలు పోయాయి. వేసవిలో రేడియోలు పెట్టుకుని వచ్చే చికాగోవాళ్ళు ఎప్పుడో పోయారు. ఆకులన్నీ రాలిపోయి చెట్ల మధ్య నుంచి సరస్సు అటు చివరి దాకా కనిపిస్తోంది. నీకు తెలుసు, జూలైలో అక్కడికి వచ్చినవాడు ఆ చోటు చూసినట్టే కాదు.

డబ్బాల్లో తెచ్చుకున్న నీళ్ళు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. కిటికీలు చెమటపట్టాయి. మన గది మంచమంత ఉందో లేదో ఆ బండి, ఆ ఒక్క గిన్నె ఆవిరికే వెచ్చబడిపోతుంది. బయట అలలు రాళ్ళను కొడుతుంటే లోపల రెండు దుప్పట్లు కప్పుకుని, పొగబెట్టిన చేప ముక్క, యాలకుల రొట్టె, కాఫీ. అంత హాయిలోనూ ఒళ్ళు మండింది, తైమీ. “చూశావా, అల ఎంతెత్తు లేచిందో” అని పక్కకు తిరిగాను. ముస్తీ తోకాడించింది. ఇదే సమయానికి నువ్వు ఎవరో పెట్టిచ్చిన కాఫీ తాగుతూ ఉంటావని తోచింది. రొట్టె కుక్కకు పెట్టేశాను.

ఇక రాయక తప్పదు. ట్రెయిలర్ కప్పు ఎప్పుడూ కారలేదు.

సెప్టెంబరులో నువ్వు, “అక్టోబరులో ట్రెయిలర్ మాకివ్వు, ఆర్విడ్‌కు మన చోటు చూపించాలి” అని రాసినప్పుడు నాకు కళ్ళలో కారం కొట్టినట్టయింది. అది నీదీ నాదీ, అడిగే హక్కు నీకుంది. అందుకే ఇవ్వనని రాయలేక, కప్పు కారుతోంది, పరుపు తడిసి కంపు కొడుతోంది, వచ్చే ఏడు చూద్దాం అని రాశాను. రాశాక బాగా నిద్రపట్టింది కూడా. ఆ తరవాత ఆ పొడి పరుపు మీదే పడుకోవడానికి వెళ్ళాను.

వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం సన్నగా మంచువాన. ట్రక్కు చప్పుడైతే ఆ చోటు చూసుకునే పార్కువాళ్ళనుకున్నాను. దిగింది నీ మొగుడు. వెనక నిచ్చెన.

“వదినగారూ, కాఫీ వాసన రోడ్డు దాకా వస్తోంది” అన్నాడు.

“మీరేమిటి ఇక్కడ?” అన్నాను.

“తైమీకి జలుబు, వదిలేసి వచ్చాను. కప్పు కారుతోందిటగా? మీ ఇంటికెళితే మీరు లేరు, ట్రెయిలర్ తీసుకుని సరస్సు దగ్గర మీ చోటికి పోయారని పక్కింటావిడ చెప్పింది. ఎలాగూ ఇంత దూరం వచ్చాను, చూసిపోదామని.”

ఆ మంచువానలో నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. అరవయ్యారేళ్ళ మనిషి. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. చేత్తో కప్పంతా తడిమాడు, అతుకులన్నీ నొక్కి చూశాడు. వాన పడుతూనే ఉంది, తెరిచిన తలుపులోంచి నా పొడి దుప్పట్లు కనబడుతూనే ఉన్నాయి. దిగి వచ్చి నా ముఖంలోకి చూశాడు.

“ఎక్కడ కారుతోంది?”

“మూల.”

“ఏ మూల?”

ఏదో మూల చూపించాను.

“ఆఁ, నేనూ అదే అనుకున్నా” అన్నాడు. మళ్ళీ పైకెక్కాడు. ఆ మూలను తుడిచి, జిగురు పట్టీ వేసి, బొటనవేలితో అంగుళం అంగుళం అదిమి దిగాడు. “ఇక కారదు” అన్నాడు. అంతే. నవ్వలేదు, వెటకారమాడలేదు. వెటకారమాడితే తిట్టి పంపేదాన్ని, పీడ వదిలేది.

కాఫీకి పిలవక తప్పుతుందా? బల్ల దగ్గర నిలబడి, “తైమీ ఎటు కూర్చుంటుంది?” అన్నాడు. నీ చోట అతన్ని కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. నా చోట కూర్చోమని, నీ చోట నేను కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, సరస్సు మొత్తం నీ వైపు కిటికీలోనే కనిపిస్తుంది. నా వైపు కనిపించేది మరుగుదొడ్డి గోడ. ఇన్నేళ్ళూ మంచి కిటికీ నీదే, ఒక్కసారైనా చెప్పావా?

రెండో కప్పు కాఫీ దాకా చేపల గురించే మాట్లాడాడు. తరవాత కప్పు కింద పెట్టి అన్నాడు.

“వదినగారూ, మాకు పెళ్ళయి అయిదు నెలలు. మీరు లేకుండా ఒక్క పూట భోజనం చెయ్యలేదు మేము.”

“అదేమిటి?”

“రొట్టె కోస్తే హిల్మా ఇంత మందం కొయ్యదు అంటుంది. దుప్పటి మడిస్తే హిల్మా అలా మడవదు. కాఫీ తెచ్చిస్తే తాగుతుంది పాపం, హిల్మా కాఫీ ఇంకా చిక్కగా ఉంటుంది అంటుంది. నిన్నటికి నిన్న కిటికీ దగ్గర కూర్చుని, అక్కడ ఈపాటికి మంచు మొదలై ఉంటుంది, ఆ ట్రెయిలర్ కప్పు మీద పడితే చప్పుడే వేరు అంది. నేను పక్కనే ఉన్నాను. ఉన్నట్టు గుర్తులేదు ఆవిడకు.”

నెమ్మదిగానే అన్నాడు. కాని ఆ గొంతు నాకు తెలుసు. నీ ‘మేము’ చదివినప్పుడు నా లోపల పలికిన గొంతే అది. ఈ మనిషి నా మీద కుళ్ళుకుంటున్నాడు! నాకెంత సంతోషం కలిగిందో రాస్తే నువ్వు నా ముఖం చూడవు. అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను, చిక్కటిది.

“మీరు ఎలా ఉంటారో చూద్దామనే వచ్చాను. కప్పుకోసమూ అనుకోండి” అన్నాడు. అడుగున మిగిలిన కాఫీ తాగేసి, “ఆవిణ్ణి ఓ నాలుగు రోజులు పంపించనా?” అన్నాడు.

“ఒంటరిగానా? బండి నడపద్దూ, ఆ జలుబుతో?”

“నేనే తీసుకొస్తా. ఇందులో ముగ్గురు పట్టరుగా, నేను ట్రక్కులో పడుకుంటా.”

చీకటి పడకముందే వెళ్ళిపోయాడు. వెళ్తూ, వంకరగా పెట్టిన బండిని చూసి కూడా ఏమీ అనలేదు. మంచి మనిషే, తైమీ. చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేది.

కప్పు బాగుచేశానని నీతో చెప్పాడంటే అది నన్ను కాపాడటానికే. అతన్ని ఏమీ అనకు. అనవలసినవన్నీ నన్ను అను, ఎదురుగా వచ్చి అను. ఫోనులో వద్దు, ఫోనులో నువ్వు తిడితే నాకు సగం వినబడదు.

సరస్సుకు పోయే రోడ్డు ఇంకా మూయలేదు. ఇప్పటిదాకా పడిన మంచు నేలమీద నిలవలేదు. అసలైనది వచ్చే వారాంతానికి వస్తుందని ఇక్కడందరూ అంటున్నారు. జలుబు తగ్గితే గురువారానికల్లా వచ్చెయ్యి. చేపలు నేను తెస్తాను, ఉన్ని మేజోళ్ళు నువ్వు తెచ్చుకో. కిటికీ వైపు మాత్రం ఈసారి నేను కూర్చుంటాను.

ఆర్విడ్ ట్రక్కులోనే పడుకుంటాడు. పెద్దదాన్ని, మర్యాదకైనా వద్దు, లోపలే ఎలాగో సర్దుకుందామని అనాల్సింది. అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. అతనికోసం మందపు దుప్పట్లు మూడు ఎండలో వేశాను.

ఇట్లు,
నీ మీద కోపం పోని, నువ్వు లేక తోచని
మీ అక్క
హిల్మా