పాత మోతాదు

జూన్ 3

మా టీమ్ లీడ్ ఇవాళ కూడా కొత్తమ్మాయిని ఆకాశానికెత్తేశాడు. ఇళ్ళకు తిరిగే నర్సుల యాప్ సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసేలా చేసిందట. ఆ ఆఫ్‌లైన్ పని నాకివ్వమని రెండేళ్ళుగా అడుగుతున్నాను. ఆమె చేరి నాలుగు నెలలు. కడుపు మండిపోతోంది.

జూన్ 5

అక్క ఫోన్ చేసింది. తనూ ఆ నర్సుల్లో ఒకతే. కొండ వెనక ఇళ్ళలో కూడా యాప్ తెరుచుకుంటోందిరా, ఎవరు చేశారోగానీ వాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి అంది. సొంత అక్క! మా టీమే అన్నాను.

జూన్ 11, ఉదయం 11.20

కొత్తమ్మాయి కోడ్ నా దగ్గరికే రివ్యూకొచ్చింది. నేను చూసి అప్రూవ్ నొక్కితేనే అది నర్సులకు వెళ్తుంది. పిల్లలకిచ్చే సిరప్ మారుతోంది. కొత్తది రెట్టింపు ఘాటు, సగమే పొయ్యాలి. ఆమె మోతాదుల పట్టిక మార్చింది, కాష్ పేరు, అంటే ట్యాబ్‌లో దాచే కాపీ పేరు, మార్చడం మర్చిపోయింది. అది మారకపోతే నర్సుల ట్యాబ్‌లు తమలో దాచుకున్న పాత పట్టికనే చూపిస్తాయి. ఆఫీసులో బయటపడదు. మేం టెస్ట్ చేసే ముందు కాష్ తుడిచేస్తాం, అదో అలవాటు.

11.50

తప్పు చూపిస్తూ కామెంట్ రాశాను. చెరిపేశాను. అప్రూవ్ నొక్కాను. ఒక్కసారి ఆమెకూ చీవాట్లు పడితే చూడాలనుంది. కొత్త సీసాలు సోమవారం గానీ వెళ్ళవు, రేపు చెప్తాలే.

జూన్ 12

ఆమెకు కిటికీ పక్క సీటిచ్చారు. చెప్పలేదు.

జూన్ 15, సోమవారం

పొద్దున్నే అక్క ఫోన్. యాప్ చూసి కొత్త సిరప్ కొలిచిందట. చెంచా పాప నోటిదాకా వెళ్ళాక సీసా మీద వేరే అంకె కనిపించి ఆగిందట. మిగతా నర్సులు చూసుకోకపోతే ఎలారా అని ఏడ్చింది.

కాష్ పేరు మార్చి పంపాను. కానీ సిగ్నల్ లేనివాళ్ళకు అదీ చేరదు. అందరం ఒక్కో నర్సుకూ ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. ఆఖరి నర్సు కొండ దిగి ఫోనెత్తేసరికి సాయంత్రం ఐదున్నర. ఎవరికీ ఏమీ కాలేదు.

జూన్ 16

మీటింగులో కొత్తమ్మాయి లేచి, తప్పు నాదే అంది. రివ్యూ చేసిందెవరో చెప్పలేదు. లీడ్ నన్ను మెచ్చుకున్నాడు, ఎవరూ కనిపెట్టలేని తప్పు నాలుగు నిమిషాల్లో పట్టేశానట. ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె కొట్టలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది.

జూన్ 17

అక్క ఫోన్ చేసింది. ఆ తప్పు పట్టుకున్నది నువ్వేనటగా, నీ చేతులకు దణ్ణం పెట్టాలిరా అంది.